సైన్సు క్లబ్బులు – విద్యార్థుల జయము : ఒక విమర్శ

రెండు సంవత్సరముల క్రిందట ఫిబ్రవరి 28వ తేదీన, జాతీయ విజ్ఞాన దినోత్సవ సందర్భమున, ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన ప్రదర్శనమునకు నన్ను న్యాయనిర్ణేతలలో ఒకనిగా పిలిచిరి. సభలో ప్రధానోపాధ్యాయులు తమ సైన్సు క్లబ్బును గురించి సగర్వముగా మాట్లాడిరి. “మా క్లబ్బులో పదునైదుగురు సభ్యులున్నారు. కిందటి సంవత్సరము పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో వీరిలో ఒక్కరికైనను నూటికి ఎనుబదికి తక్కువ మార్కులు రాలేదు. ఇది క్లబ్బు చలువయే” అని వారు చెప్పగా సభలో చప్పట్లు మ్రోగినవి. నేనును చప్పట్లు కొట్టితిని.

సభ ముగిసిన తరువాత తేనీరు త్రాగుచు, సభ్యులను ఎట్లు ఎన్నుకొందురని వారిని అడిగితిని. “ఎనిమిది, తొమ్మిది తరగతులలో మొదటి ర్యాంకులు వచ్చినవారినే తీసికొంటామండీ. మిగతావాళ్ళకు క్లబ్బెందుకు?” అని సమాధానము వచ్చినది. ఈ ప్రశ్నను చప్పట్లు కొట్టుటకు ముందే అడుగవలసియుండెను.

విజ్ఞానశాస్త్రమును బోధించువాడను కనుక, విజ్ఞాన సంఘమును గురించిన మాటను కూడ శాస్త్రపద్ధతిలోనే పరీక్షించుట నా విధి అని తోచినది. సైన్సు క్లబ్బులో, గణిత సంఘములో చేరిన పిల్లలు చదువులో రాణింతురను మాట మన ఉపాధ్యాయ సభలలో పలుమారు వినబడుచుండును. అది నిజమా? నిజమైనచో ఎంతవరకు నిజము? ఎట్టి క్లబ్బు విషయమున నిజము? ఈ మూడు ప్రశ్నలను వేరువేరుగా చూడవలెను.

ఎంపిక వలన కలుగు భ్రమ

వాలీబాలు జట్టులోని ఆటగాండ్రు ఇతరులకంటె పొడవరులు. అంతమాత్రమున వాలీబాలు ఆడుటవలన మనిషి పొడవగునని ఎవరును అనరు. పొడవైనవారినే జట్టులోనికి తీసికొందురని అందరికిని తెలియును. క్లబ్బు విషయమున మాత్రము ఈ సంగతిని మరచిపోవుదుము.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఇది ఊహించుకొన్న లెక్కయే. ఒక పాఠశాలలో 100 మంది పిల్లలున్నారు. తొమ్మిదవ తరగతి వార్షిక పరీక్షలో మొదటి 20 మందికి సగటున 80 మార్కులు, తక్కిన 80 మందికి సగటున 50 మార్కులు వచ్చినవి. ఆ మొదటి 20 మందిని క్లబ్బులో చేర్చుకొనిరి. పదవ తరగతి ముగియునప్పటికి క్లబ్బు పిల్లల సగటు 82, తక్కినవారి సగటు 52 అయినది. సభలో చెప్పబడు సంగతి ఏమనగా, క్లబ్బు పిల్లలకు ఇతరులకంటె 30 మార్కులు ఎక్కువ అని. చెప్పబడని సంగతి ఏమనగా, క్లబ్బులో చేరకముందును ఆ తేడా 30 మార్కులే అని. ఇరువర్గములవారికిని రెండేసి మార్కులు పెరిగినవి. ఈ లెక్కలో క్లబ్బు వలన కలిగిన లాభము సున్న.

ర్యాంకుల నియమము లేక, ఇష్టపడినవారినందరిని చేర్చుకొను క్లబ్బులలో సైతము ఈ చిక్కు పూర్తిగా తొలగదు. సాయంత్రము బడి విడిచిన తరువాత ఒక గంట ఆగగలవారెవరు? ఇంటివద్ద తమ్ముని ఎత్తుకొనవలసిన బాలిక ఆగలేదు. ఐదు గంటల బస్సు తప్పినచో ఊరు చేరలేని పిల్లవాడు ఆగలేడు. ఆగగలిగినవారి ఇండ్లలో తీరికయు, పుస్తకములును, చదువుకొన్న తలిదండ్రులును ఉండుట ఎక్కువ. ఆ ఇంటి బలమంతయు తెలియకుండ క్లబ్బు ఖాతాలో జమపడును.

చీట్లు తీయు పద్ధతి

క్రొత్త ఎరువును సారవంతమైన మడిలోను, పాత ఎరువును చవిటి మడిలోను వేసి, పంటలను పోల్చి, క్రొత్త ఎరువే మేలని చెప్పిన రైతును చూచి మనము నవ్వుదుము. ఏ మడికి ఏ ఎరువు వేయవలెనో చీట్లు తీసినట్లు నిర్ణయించినగాని పోలిక చెల్లదని, 1920లలో ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున పనిచేయుచు ఆర్. ఏ. ఫిషర్ ఉపదేశించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి. ఆర్. రావు (1920–2023) ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిరి. పొలమునకు పనికివచ్చిన ఈ పద్ధతి బడికి పనికిరాకపోదు. క్లబ్బులో 20 స్థానములుండి, చేరగోరువారు 40 మంది యున్నచో, చీట్లు తీసి 20 మందిని చేర్చుకొనవచ్చును. సంవత్సరము తరువాత, చేరినవారిని, చేరగోరియు చీటి రానివారిని పోల్చినచో, అప్పుడు కనబడు తేడా చాలవరకు క్లబ్బుదే అగును. ఇట్టి పోలిక ఒక్క పాఠశాలలో చాలదు, అనేక పాఠశాలలలో జరుగవలెను. ఎటులను స్థానములు చాలనప్పుడు చీట్లు తీయుట అన్యాయమును కాదు.

అమెరికాలో ఇటువంటి పరీక్ష ఒకటి జరిగినది. బడి తరువాత పిల్లలను చేరదీయుటకు ఫెడరల్ ప్రభుత్వము ధనమిచ్చి నడపించిన కేంద్రములను గురించి 2005లో తుది నివేదిక వెలువడినది. ప్రాథమిక పాఠశాలల పిల్లలను చీట్ల పద్ధతిని విభజించి, చేరినవారిని చేరనివారితో పోల్చిరి. కేంద్రములకు వెళ్ళిన పిల్లలు బడి తరువాతి వేళ తాము భద్రముగా ఉన్నామని ఎక్కువగా చెప్పిరి. కాని చదువులో సగటున చెప్పుకోదగిన లాభము కనబడలేదు. ఆ కేంద్రములు సైన్సు క్లబ్బులు కావనుట నిజమే. ఇంటిపని చేయించుట, ఆటపాటలు వాటిలో ముఖ్యముగా నుండెడివి. కాబట్టి ఈ ఫలితమును తెచ్చి సైన్సు క్లబ్బులు వ్యర్థమని వాదింపరాదు. దీనివలన తెలియు నీతి ఇంతియే: పిల్లలను బడి తరువాత ఒకచోట కూర్చుండబెట్టినంత మాత్రమున చదువు పెరుగదు. ఆ గంటలో ఏమి జరుగుచున్నదనునదే అసలు సంగతి. కనుక, మంచి సంఘములలో ఏమి జరిగినదో చూతము.

గుత్తిలో పుట్టిన సంఘము

మన దేశమున గణితసంఘముల చరిత్ర మన తెలుగు నేలమీదనే మొదలైనదన్న సంగతి చాలమందికి తెలియదు. 1907లో వి. రామస్వామి అయ్యరు అనంతపురము జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉండిరి. గణితమునందు మక్కువ గల మిత్రులకు ఉత్తరములు వ్రాసి, చందాలు వేసికొని గణితపత్రికలు తెప్పించుకొని చదువుకొనుటకై వారొక సంఘమును స్థాపించిరి. దానికి మొదట ‘అనలిటిక్ క్లబ్బు’ అని పేరు పెట్టిరి. అదియే తరువాత ఇండియన్ మాథమాటికల్ సొసైటీ అయినది. 1909 నుండి అది తన సొంత పత్రికను నడపసాగినది.

అదే 1907లో కుంభకోణము యువకుడొకడు ఎఫ్.ఏ. పరీక్షలో తప్పెను. గణితము తప్ప మరియే విషయమును అతనికి పట్టలేదు. మార్కులే జయమునకు కొలబద్ద అయినచో అతడు ఓడిపోయినవారి పట్టికలో చేరును. అతడే శ్రీనివాస రామానుజన్. 1911లో అతడు ఈ సంఘపు పత్రికలో పాఠకులకొక ప్రశ్న వేసెను:

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) విలువ యెంత?

మూడు సంచికలు గడచినను ఎవరును సమాధానము పంపలేదు. చివరకు రామానుజనే చెప్పెను: విలువ 3. దీని మర్మమును హైస్కూలు పిల్లలు కూడ గ్రహింపగలరు. 3 అనగా 9కి వర్గమూలము. 9 = 1 + 2×4. ఆ 4 అనగా 16కు వర్గమూలము. 16 = 1 + 3×5. ఆ 5 అనగా 25కు వర్గమూలము. 25 = 1 + 4×6. ఇట్లు ఒకదానిలో ఒకటి ఇమిడ్చుకొనుచు పోవుటయే. ఎంతదూరము పోయినను ఇది నిలుచునా యని ఋజువు చేయుట మాత్రము పెద్ద తరగతుల పని.

ఈ సంఘము రామానుజనుకు గణితము నేర్పలేదు, మార్కులు పెంచలేదు. మరి యేమి చేసినది? ప్రశ్న అడుగుటకు చోటిచ్చినది. తన లెక్కను చదివి అర్థము చేసికొనగల మనుష్యులను చూపినది. బెర్నూలీ సంఖ్యలను గురించిన అతని మొదటి పరిశోధన వ్యాసము 1911లో ఈ పత్రికలోనే అచ్చయినది. అంతకుముందు 1910లో, ఉద్యోగము వెదకికొనుచు రామానుజన్ వెళ్ళి తన నోటుపుస్తకములు చూపినది రామస్వామి అయ్యరుకే.

ఇది పెద్దల సంఘము గదా, పాఠశాల పిల్లలకు దీనితో నేమి పని యని ఎవరైన అడుగవచ్చును. మద్రాసులోని ముత్యాలపేట హైస్కూలును చూపి సమాధానము చెప్పెదను. అక్కడ గణితోపాధ్యాయులైన పి. కె. శ్రీనివాసన్ గారి ప్రోత్సాహముతో ‘నంబర్ ఫ్రెండ్స్ సొసైటీ’, అనగా సంఖ్యామిత్రుల సంఘము నడచినది. రామానుజనును ఎరిగినవారు ఇంకను బ్రతికియుండగనే శ్రీనివాసన్ గారు వారివద్దకు వెళ్ళి, ఉత్తరములు, జ్ఞాపకములు సేకరించిరి. అవి 1968లో రెండు సంపుటములుగా ఆ పాఠశాల సంఘము, పూర్వవిద్యార్థుల సంఘము పేరనే వెలువడినవి. నేటికిని రామానుజన్ చరిత్ర వ్రాయువారికి అవి మూలగ్రంథములు. ఒక హైస్కూలు గణితసంఘపు పేరున ప్రపంచమునకు పనికివచ్చు గ్రంథము వచ్చినదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తెలియదు. అది ఏ పరీక్షలోను మార్కుగా లెక్కకు రాలేదు.

బుడాపెస్టు, మాస్కో, బర్క్లీ

పరదేశములలోనికి పోయి చూచినను ఇట్టి సంగతులే కనబడును. హంగరీ దేశమున గ్యోర్ పట్టణపు పాఠశాల ఉపాధ్యాయుడైన డానియల్ అరాన్యి 1894లో హైస్కూలు పిల్లలకై ఒక గణిత మాసపత్రికను స్థాపించెను. ప్రతి సంచికలోను కొన్ని లెక్కలిత్తురు. పిల్లలు నెలదినములు ఆలోచించి సాధనలు పంపుదురు. మంచి సాధనలు పంపినవారి పేర్లతో అచ్చగును. ఆ సంవత్సరమే, భౌతికశాస్త్రవేత్త ఎత్వెష్ విద్యామంత్రియైన సందర్భమున, పాఠశాల ముగించిన పిల్లలకు గణితపోటీ కూడ మొదలయ్యెను. విమానశాస్త్రమున పేరుగాంచిన కార్మాన్, అణుశాస్త్రవేత్తలైన జిలార్డ్, టెల్లర్ ఈ పోటీలు నడచిన కాలమున వాటిలో గెలిచినవారే.

ఇక్కడను మనము ముందు చెప్పుకొన్న భ్రమలో పడరాదు. గెలిచినవారి పేర్లు చెప్పి పోటీ వారిని తయారుచేసినదనుట, పొడవరులను చూపి వాలీబాలును పొగడుటవంటిదే. హంగరీ పత్రిక వద్ద మనము నేర్చుకొనవలసినది పేర్ల పట్టిక కాదు, పద్ధతి. లెక్కకు నెలదినముల గడువు. ఎవరికి తోచిన దారిని వారు పోవచ్చును. మారుమూల పట్టణపు పిల్లవాడును తపాలా బిళ్ళ అంటించి పాల్గొనవచ్చును.

మాస్కో విశ్వవిద్యాలయమున 1930లలో హైస్కూలు పిల్లలకు గణితవలయములు నడచినవి. మొదట వాటిలో ఆచార్యుల ఉపన్యాసములు, పిల్లల ప్రసంగములు ఎక్కువగా ఉండెడివి. ప్రసంగించు పిల్లవానికి లాభము కలుగునుగాని, వినువారు నిద్రపోవుదురు. డేవిడ్ ష్క్ల్యార్స్కీ అను యువకుడు, అప్పటికింకను తానే విద్యార్థి, ఈ పద్ధతిని మార్చెను. తాను కొద్దిసేపు చెప్పి, లెక్కలిచ్చి, వాటి సాధనలను పిల్లలచేతనే చెప్పించెను. 1938 మాస్కో ఒలింపియాడ్‌లో ఇచ్చిన బహుమతులలో సగము అతని వలయపు పిల్లలకే వచ్చినవి. దీనిని చూచి ఇతర వలయములవారును ఆ పద్ధతినే అవలంబించిరి. అదే ఊరు, అటువంటి పిల్లలే, గంటలు అన్నియే, మారినది పద్ధతి. కాబట్టి ఈ ఉదాహరణమునకు పేర్ల పట్టికకంటె విలువ ఎక్కువ. ష్క్ల్యార్స్కీ 1942లో యుద్ధమున మరణించెను. 1964లో గెల్ఫాండ్ మాస్కో వలయములకు రాలేని పల్లెటూళ్ళ పిల్లలకొరకు ఉత్తరముల ద్వారా గణితము నేర్పు పాఠశాలను ఆరంభించెను.

మూడవ ఉదాహరణము కళాశాలకు చెందినదైనను, మన ప్రశ్నకు అన్నిటికంటె దగ్గరది. 1970లలో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులు మొదటి సంవత్సరపు కలనగణితములో ఎక్కువగా తప్పుచుండిరి. వారికి పట్టుదల తక్కువ, ఇంటి ప్రోత్సాహము తక్కువ, పూర్వపు చదువు తక్కువ అని అధ్యాపకులు ఊహించిరి. యూరి ట్రైస్మన్ అను పరిశోధకుడు ఊహలతో తృప్తిపడక, 20 మంది నల్లజాతి విద్యార్థులను, 20 మంది చైనా సంతతి విద్యార్థులను వెంబడించి, వారెట్లు చదువుచున్నారో కన్నులార చూచెను. నల్లజాతి విద్యార్థులు శ్రద్ధగానే చదువుచుండిరి. కాని ఒంటరిగా చదువుచుండిరి. చైనా సంతతివారు మొదట ఎవరిగదిలో వారు చదివి, తరువాత సాయంత్రము ఒకచోట చేరి, తాము చేసిన లెక్కలు పోల్చుకొని, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకొనుచుండిరి. ఒంటరివానికి లెక్క తెగనిచో లోపము తనలోనే యున్నదని కుమిలిపోవును. పదిమందిలో ఉన్నవానికి ఆ లెక్క అందరికిని కఠినమేనని తెలియును.

దీనిని బట్టి 1978 నుండి ట్రైస్మన్ ఒక గణిత కార్యశాలను నడపెను. వెనుకబడినవారికి సులభపు లెక్కలిచ్చుట కాదు, అందరికంటె కఠినమైన లెక్కలిచ్చి కలసి చేయించుట దాని విశేషము. చేరిన నల్లజాతి విద్యార్థుల ఫలితములు ఎంతో మెరుగైనవి. చీట్ల పద్ధతి ఇక్కడ పాటింపబడలేదు, ఇష్టపడినవారే చేరిరి. కనుక కొంత జాగ్రత్తతోనే ఈ ఫలితమును గ్రహింపవలెను. అయినను, తప్పు విద్యార్థులదే యన్న ఊహను పరిశీలన తలక్రిందులు చేసినదనుట మాత్రము సందేహము లేని మాట.

ఈ ఉదాహరణములన్నిటిలోను నాలుగు సంగతులు సామాన్యముగా కనబడును. నిజమైన ప్రశ్న, దానికి తగిన వ్యవధి, తోటివారి సాంగత్యము, వెంటనే జవాబు చెప్పివేయని గురువు. ఖరీదైన పరికరము ఈ నాలుగింటిలోను లేదు.

సంఘము సర్వరోగనివారిణియును కాదు. 1970, 80లలో మాస్కో విశ్వవిద్యాలయపు గణితశాఖలో ప్రవేశపరీక్షకు వచ్చిన యూదుల పిల్లలకు కావలెనని తెగని లెక్కలిచ్చి త్రిప్పిపంపిరి. వారిలో వలయములలో ఆరితేరినవారును ఉండిరి. అట్లు వాకిట నిలిచిన పిల్లల కొరకు 1978లో బెల్లా సుబ్బొటోవ్‌స్కాయా అను గణితజ్ఞురాలు తన ఇంటిలో తరగతులు ప్రారంభించెను. ప్రతిభను సంఘము పెంచవచ్చును. తలుపు మూసియున్నచో ఆ ప్రతిభ తలుపు బయటనే నిలిచిపోవును.

మన సంఘముల లోపములు

ఇక మన సంగతి. మన దేశమున మంచి ప్రయత్నములు లేకపోలేదు. 1993 నుండి జరుగుచున్న జాతీయ బాలల విజ్ఞాన కాంగ్రెసులో పిల్లలు జట్లుగా చేరి, తమ ఊరి సమస్యనే తీసికొని పరిశీలింపవలెనని నియమము. జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికను తెలుగు పిల్లల చేతికందించినది. 2016 నుండి ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు దేశమున పదివేల పాఠశాలలకు చేరినవి. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము లభించును. మరి 50,000 ప్రయోగశాలలు ప్రభుత్వ పాఠశాలలలో నెలకొల్పుదుమని కేంద్ర ప్రభుత్వము 2025 బడ్జెటులో ప్రకటించినది. ధనము వచ్చుచున్నది. కాని నేను చూచిన అనేక క్లబ్బులలో ఆ నాలుగు సంగతులు రాలేదు.

మొదటి లోపము, క్లబ్బు సంవత్సరమున ఒక్కసారి మేల్కొనును. ఫిబ్రవరి మాసమున రంగులు, అట్టలు, థర్మకోలు కొనుటతో మేల్కొని, బహుమతి ప్రదానముతో నిద్రపోవును. రెండవది, ప్రశ్నకు బదులు నమూనా వచ్చి కూర్చున్నది. నమూనాను అంగడిలో కొనవచ్చును, అన్నగారిచేత చేయించవచ్చును. ప్రశ్నను అట్లు కొనలేము. మూడవది, గణితసంఘమని బోర్డు కట్టి, ఆరవ తరగతి నుండియే ప్రవేశపరీక్షల తర్ఫీదు నడపుట. నిమిషమునకొక లెక్క చొప్పున చేయించుట తర్ఫీదు అగునుగాని సంఘము కానేరదు. ఒక లెక్కతో వారము రోజులు కాపురము చేసినవానికిగాని గణితమనగా నేమో తెలియదు. నాలుగవది, అన్నిటికంటె పెద్దది, మార్కులు వచ్చినవారికే సభ్యత్వము.

ఈ చివరి లోపమును గురించి వ్రాయుటకు నాకొక కారణము కలదు. వ్యాసారంభమున చెప్పిన ప్రదర్శనములో మేము మొదటి బహుమతి ఒక అగ్నిపర్వతమునకు ఇచ్చితిమి. సున్నముతో కట్టి, రంగులు వేసి, లోపల తినుసోడా ఉంచి, పైనుండి వెనిగరు పోయగా ఎఱ్ఱని నురుగు పొంగినది. క్లబ్బు సభ్యుడైన బాలుడు ఆంగ్లములో తడుముకొనక ప్రసంగము అప్పగించెను. పొంగునదేమి వాయువని నేనడిగితిని. “లావా సార్” అనెను. అది బొగ్గుపులుసు వాయువనియు, నిజమైన అగ్నిపర్వతమునకు ఈ సోడాకు సంబంధము లేదనియు అతనికెవరును చెప్పలేదు. తప్పు ఆ పిల్లవానిది కాదు.

వరండా చివర, చేతులు కడుగుకొను కుళాయి ప్రక్కన, తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఒక చెంబు, ఒక నోటుపుస్తకము పెట్టుకొని నిలుచుండెను. ఆ కుళాయి సరిగా కట్టుబడక నీరు కారుచుండెను. ఎంత నీరు వృథాయగుచున్నదో తెలిసికొనవలెనని ఆమె రోజును చెంబు పెట్టి, గోడగడియారము చూచి, నిండుటకు పట్టిన కాలమును వ్రాసికొనెను. ఉదయము పదకొండు నిమిషములు, సాయంత్రము పదునేడు. మొదట తానే తప్పు చూచితిననుకొని పదిరోజులు మరల మరల కొలిచెను. “పొద్దున టాంకు నిండుగా ఉంటుంది సార్. సాయంత్రానికి నీళ్ళు అడుక్కు పోతాయి. పైన నీళ్ళు తక్కువైతే తోసే బలం తక్కువ కదా సార్” అనెను. రాత్రివేళ ఎంత పట్టునని అడుగగా, “రాత్రి బడిలో ఉండనివ్వరు సార్” అనెను.

ద్రవములు రంధ్రమునుండి వెలువడు వేగము, పైనున్న నీటి ఎత్తు యొక్క వర్గమూలమును బట్టి యుండునని 17వ శతాబ్దిలో టారిచెల్లి చెప్పెను. ఆ లెక్కన, పదకొండుకు పదునేడు నిమిషములనగా, కుళాయికి పైన నీటిమట్టపు ఎత్తు ఉదయము, సాయంత్రముకంటె సుమారు రెండున్నర రెట్లు ఉండవలెను. ఎవరైన ఒక ఉపాధ్యాయుడు ఆమెతో టాంకు వద్దకు పోయి, కర్ర ముంచి మట్టము కొలిపించి, కుళాయివరకు దారము వ్రేలాడదీయించినచో, ఆ సూత్రము అరిగిన కుళాయికి ఎంతవరకు సరిపోవునో ఆ బాలికయే తేల్చియుండెడిది. అది జరుగలేదు. ఆమె క్లబ్బు సభ్యురాలు కాదు. తరగతిలో ఆమె ర్యాంకు ఇరువదికి పైబడినది. ప్రదర్శనమునకు కుళాయి ప్రక్కన చోటిచ్చుటయే దయ.

ఆమె పుస్తకమును చూచి నేను సంతోషించితిని. కాని బహుమతుల పట్టికపై సంతకము చేయునప్పుడు పొద్దు పోయినది, ఫొటోలు తీయువారు తొందరపెట్టుచుండిరి, మిగిలిన ఇద్దరు న్యాయనిర్ణేతలు అగ్నిపర్వతమే అనిరి. నేనును సంతకము చేసితిని. ఆ సంతకమును సమర్థించుకొను మాట నావద్ద లేదు.

ఇప్పుడు ప్రధానోపాధ్యాయుల లెక్కను మరల చూడుడు. లావా అని చెప్పిన బాలుడు పదవ తరగతిలో తొంబది మార్కులు తెచ్చుకొని, క్లబ్బు వలన కలిగిన జయముల పట్టికలో చేరును. కుళాయి కొలిచిన బాలిక అరువది తెచ్చుకొని, క్లబ్బు లేనివారి పట్టికలో చేరి, క్లబ్బు ఎంత గొప్పదో నిరూపించుటకు ఉపయోగపడును. లెక్కలో తప్పులేదు, కాని శాస్త్రమునకు జరిగిన అన్యాయము ఆ లెక్కలో ఎక్కడను కనబడదు.

ఏమి చేయవలెను?

క్లబ్బు వలన మార్కులు పెరుగునా అన్న ప్రశ్నకు నా సమాధానము ఇది. కేవలము క్లబ్బు అను పేరు వలన పెరుగవు. కఠినమైన ప్రశ్నను పదిమంది కలసి, తగిన వ్యవధితో ఆలోచించు అలవాటు వలన చదువు బలపడుననుటకు మంచి ఆధారములు కలవు. ఆ బలము అన్నివేళల మార్కులుగా మారునని హామీ యిచ్చుట మాత్రము తగదు. మార్కుల ఆశ చూపి క్లబ్బును సమర్థించువారు, మార్కులు పెరుగని నాడు దానిని మూసివేయుటకు కూడ తామే కారణమును సమకూర్చుచున్నారు.

ఉపాధ్యాయ మిత్రులకు కొన్ని సూచనలు చేసెదను. సభ్యత్వమునకు ర్యాంకులు చూడవద్దు. స్థానములు చాలనిచో చీట్లు తీయుడు, ఆరుమాసములకొకసారి మార్చుడు. క్లబ్బు గంటను బడి తరువాత కాక కాలపట్టికలోనే, వారమునకొకటి పెట్టుడు. అప్పుడు బస్సు పిల్లలును, తమ్ముళ్ళను ఎత్తుకొను బాలికలును అందులో ఉందురు. ప్రశ్నలను బడి ఆవరణలోనే వెదకుడు. జెండాకొయ్య నీడ ఏ నెలలో ఎంత? మధ్యాహ్న భోజనపు బియ్యము ఉడికిన తరువాత ఎన్ని రెట్లు బరువగును? బావిలో నీటిమట్టము వానపడిన ఎన్నిరోజులకు పెరుగును? వీటికి దారము, త్రాసు, గడియారము చాలును. ప్రతి సభ్యునికిని ఒక నోటుపుస్తకము ఉండవలెను. అందులో తప్పిన కొలతలను కొట్టివేయరాదు. బహుమతి యిచ్చితీరవలెనన్నచో నమూనాకు కాక, ఆ పుస్తకమునకు ఇయ్యుడు. న్యాయనిర్ణేతలుగా వచ్చు మావంటివారు ప్రతి బాలుని, బాలికను ఒక్క ప్రశ్న అడుగవలెను: “ఇందులో నీకు ఇంకను తెలియనిదేమి?” లావా పిల్లవాడు ఆ ప్రశ్నకు నిలువలేడు. కుళాయి బాలిక అడుగకముందే సమాధానము చెప్పినది.

చివరగా, తమ క్లబ్బు ఫలితములను ప్రకటింపదలచినవారు చేరకముందటి మార్కులను, చేరిన తరువాతి మార్కులను రెండింటిని ప్రకటింపవలెను. చేరనివారివి కూడ ప్రక్కనే వ్రాయవలెను. విజ్ఞాన సంఘము తన్ను గురించి తాను సత్యము చెప్పుకొనుట పిల్లలకు నేర్పదగిన మొదటి విజ్ఞానపాఠము.

ఆ పాఠశాలకు నేను మొన్న ఉత్తరము వ్రాసితిని. ఈ సంవత్సరము ప్రదర్శనమునకు పిలిచినచో వచ్చెదననియు, ఆ బాలిక ఇప్పుడు ఏ తరగతిలో నున్నదో, ఎక్కడ చదువుచున్నదో తెలుపుమనియు కోరితిని. కుళాయి బాగుచేయించిరా అని కూడ అడిగితిని. ఇంకను జవాబు రావలసియున్నది.